బోర్డు మీద బావ అంచు

మా బావకు బొమ్మ వేయడం ఎంత బాగా వచ్చో, నోరు మూసుకుని కూర్చోవడం కూడా అంత బాగా వచ్చు. ఆ రెండోది నాకు ఇప్పటికీ రాలేదు. అందుకే షువైఖ్‌లో మా గ్యారేజీకి వచ్చే డ్రైవర్లంతా మాటలు నాతో ఆడి, పని ఆయనతో చేయించుకునేవాళ్లు. ఆయన మా అక్క మొగుడు. పెళ్లిపందిట్లో మొదలుపెట్టిన ఎగతాళి నేను కువైట్ దాకా మోసుకొచ్చాను. ఆయన దాన్ని నవ్వి భరించేవాడు.

మా పని నీళ్ల ట్యాంకర్లకూ లారీలకూ రంగులు వేయడం. అక్షరాలు నావి, బొమ్మలు బావవి. మా నాయన జగిత్యాల వైపు దుకాణాల బోర్డులు రాసి మమ్మల్ని సాకాడు. నాకు అబ్బింది అదే. అరబ్బీ మొదట్లో ఒక్క ముక్క అర్థం కాకపోయినా, చూసి దించడంలో నా చెయ్యి ఎక్కడా తడబడేది కాదు. బావ వాళ్ల ఇల్లు వేరు. పొడుగాటి బట్ట మీద కథంతా బొమ్మలుగా వేసి ఇచ్చే ఇల్లు వాళ్లది. కథ చెప్పేవాళ్లు ఆ బట్టను ఊరి మధ్య కట్టి, మెల్లగా విప్పుతూ, బొమ్మ చూపిస్తూ పాడేవాళ్లు. ఊళ్లల్లోకి టీవీలు వచ్చాక బట్ట విప్పే కథకుడికే దిక్కు లేకుండా పోయింది. ఇక బొమ్మ వేసేవాడి గతి చెప్పాలా? బావ కుంచెలు సర్దుకుని నా వెంట విమానం ఎక్కాడు.

ఇక్కడ అందరూ ఒంటెను అడిగేవాళ్లు, లేకపోతే డేగను. బావ వేసిన ఒంటెకు మా ఎడ్ల కళ్లుండేవి. పెద్దవి, చెవుల దాకా సాగినవి. మెడలో గంట. వెనక ఎడారికి బదులు ఎర్రటి ఎరుపు, ఎందుకంటే వాళ్లింట్లో ఏ బొమ్మకైనా వెనక ఎరుపే. డేగ ముక్కు చిలక ముక్కులా తిరిగేది. పక్క షెడ్డులో రంగులేసే పఠాన్ ఆ ఒంటెను చూసినప్పుడల్లా "ఇది హిందీ ఒంటె, దీనికి కూడా ఇఖామా కొట్టించండి" అనేవాడు. ఇండియా వాళ్లందరినీ ఇక్కడ హిందీ అనే అంటారు, ఇఖామా అంటే ఇక్కడ ఉండనిచ్చే అనుమతి. నాకు రోషం వచ్చేది. ఫొటో చూసి సరిగ్గా వేయమని బావతో పోట్లాడేవాణ్ణి.

"ఒంటె గీడిదే బామ్మర్దీ. చెయ్యి మనూరిది. నేనేం జేయాలె?" అనేవాడు.

ఇక ఆయన అంచు. బొమ్మ పూర్తయ్యాక చుట్టూ ఒక సన్నటి పసుపు గీత, దాని లోపల తెల్లటి చుక్కలు మూడు, ఒక ఆకు, మళ్లీ మూడు చుక్కలు, ఒక ఆకు. బియ్యపు గింజంత చుక్కలు. ఆకు వేసేటప్పుడు మణికట్టు ఒక్కసారి తిప్పేవాడు, అంతే, ఆకు వాలేది. పూటలో అయిపోయే ట్యాంకరుకు ఈ అంచు కోసం ఇంకో పూట పట్టేది. ఎవరూ అడగలేదు కదా, ఎందుకీ గోల అని నేను విసుక్కుంటే, "అంచు కట్టకుంటే బొమ్మకు తలుపు వెట్టనట్టే. ఎవలంటే వాళ్లు లోపలికస్తరు" అనేవాడు. సరే, నేనూ సాయం చేస్తాను, తొందరగా అవుతుంది కదా అంటే మాత్రం కుంచె ఇచ్చేవాడు కాదు.

"నీది అక్షరం చెయ్యి. అంచు మా ఇంటోళ్లది. నీకు రాదు తియ్యి."

ఆ మాట నాకు ఎక్కడో గుచ్చుకునేది. నవ్వేవాణ్ణి గానీ, గుచ్చుకునేది. మాదీ ఆ కులమే, ఆ కుంచే. మా నాయన బొమ్మలు వదిలి బోర్డులకు దిగినంత మాత్రాన మేం పరాయివాళ్లం అయిపోయామా అని లోపల లోపల కుమిలేవాణ్ణి.

మా కఫీల్, అంటే వీసా ఇచ్చి మమ్మల్ని తెచ్చుకున్న యజమాని, ముసలాయన. రిగ్గైలో ఆయన ఇంటి వెనక గదిలోనే మేం ఉండేవాళ్లం. ఆయనకు బావ అంచంటే ఇష్టం. చిన్నప్పుడు తన తాత ఇంటి చెక్క తలుపు మీద ఇలాంటి చుక్కలే చెక్కి ఉండేవని, ఆ ఇల్లు పడగొట్టి సిమెంటు ఇల్లు కట్టాక ఆ తలుపు ఏమైందో తెలియదని చెప్పేవాడు. ఒక్కోసారి గ్యారేజీకి వచ్చి, ఏ పనీ లేకుండా, బావ చుక్కలు పెట్టడం చూస్తూ కూర్చునేవాడు.

1990 ఆగస్టులో ఒక పొద్దున లేచేసరికి వీధిలో ఇరాక్ సైనికులున్నారు. ఆ రోజుల గురించి అందరూ రాశారు, నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. రొట్టె కోసం బేకరీ ముందు నిలబడటం, ప్రతి మలుపులో చెక్‌పోస్టు, రేడియోకు చెవి ఆనించి మన విమానాల వార్త కోసం ఎదురుచూడటం. మా పాస్‌పోర్టులు కఫీల్ దగ్గరున్నాయి. ఎప్పుడు పోతామన్నా ఇస్తానన్నాడు. మన వాళ్లను బస్సుల్లో జోర్డాన్ దాకా తీసుకెళ్లి అక్కణ్ణుంచి విమానం ఎక్కిస్తున్నారని విని, మేమూ పేర్లు ఇచ్చి వంతు కోసం ఆగాం.

ఆ ఆగిన రోజుల్లోనే కఫీల్ మా గదికి వచ్చాడు. సైనికులు పేర్లు పట్టుకుని ఇళ్లు వెతుక్కుంటూ వస్తున్నారు, దొరికినవాళ్లను తీసుకెళ్తున్నారు, అందుకని పేటలో జనం ఇంటి నంబర్లు పీకేస్తున్నారు. ఆయన అంతకంటే ఒక అడుగు ముందుకు ఆలోచించాడు. బోర్డులు లేకపోతే వాళ్లు ఎవరినో ఒకరిని కొట్టి దారి అడుగుతారు. అదే తప్పుడు బోర్డులుంటే ఎవరినీ అడగరు, వాళ్లంతట వాళ్లే తప్పిపోతారు. ఈ వీధి పేరు ఆ వీధికి, ఆ బ్లాకు నంబరు ఈ బ్లాకుకు. పాత రేకులే, పాత నీలమే, తెల్ల అక్షరాలే. రాసిపెడితే తన కొడుకులు తగిలిస్తారు.

"మీరు వద్దంటే నేను ఏమీ అనుకోను" అన్నాడు.

నేను వద్దనే అన్నాను. ఇది మన గొడవ కాదు, మనకు ఇక్కడ నిలువ నీడ తప్ప ఏముంది, దొరికితే గోడకు నిలబెట్టి కాలుస్తారు అని తెలుగులో బావ మీద విరుచుకుపడ్డాను. ఆయన అప్పటికే ఒక రేకు తీసుకుని బట్టతో తుడుస్తున్నాడు.

"ముసలాయన తన ఇల్లు కనవడకుండ జేయుమంటుండు. రంగు వెయ్యుడే గద. ఇంటికి పోయెటోళ్లం, పోయే ముందట గీ ఒక్క పని చేసి పోదాం."

గది కిటికీలు మూసి, ఆ ఉక్కలో, బోర్డులు రాశాం. నేను అక్షరాలు రాసి పక్కన పెడితే, బావ ఆరిన బోర్డు తీసుకుని, పాత బోర్డులకు ఉన్నట్టే చుట్టూ తెల్ల గీత గీసి గోడకు ఆనించేవాడు. కొడుకులు వచ్చి పట్టుకెళ్లేవాళ్లు. ఆ తర్వాత కొన్నాళ్లు మా వీధుల్లో జీపులు గిర్రున తిరగడం నేనే చూశాను. ఒక జీపు మా ఇంటి ముందు నుంచే అటూ ఇటూ పోయి, ఆగి, ఒకడు దిగి బోర్డు చూసి, నెత్తి గోక్కుని మళ్లీ ఎక్కాడు. నవ్వు ఆపుకోలేక నేను గోడ చాటుకు పోయాను. చెప్పొద్దూ, నా అక్షరాలు చూసుకుని కాస్త గర్వపడ్డాను కూడా.

ఆ గర్వం దించింది కడప అక్క. మా పక్కింట్లో వంట చేసే ఆమెను నేను అక్కా అనే పిలిచేవాణ్ణి. ఒకనాడు బేకరీ ముందు నన్ను పక్కకు లాగింది.

"అబ్బయ్యా, మీ బావను ఇంట్లోనే పెట్టుకో. వాళ్లు మూలమీద బోర్డు పీక్కోని జీపులో ఏసుకున్యారు. దాని అంచుకు సన్నసన్న చుక్కలుండాయి. మా మామా వాళ్లకు నీళ్లు తెచ్చే ట్యాంకరు మీద ఉండాయే, అచ్చం అట్లాంటివే. నేనే గుర్తుపడితి. వాళ్లు పట్టరా?"

మామా అంటే వాళ్లింటి యజమానురాలు. నేను రొట్టె వదిలేసి, అవతలి వీధిలో ఇంకో బోర్డు దగ్గరికి పోయాను. తలెత్తి చూశాను. నేను రాసిన వీధి పేరు, చుట్టూ తెల్ల గీత. గీత లోపల, కింది మూలన, ఎవరో చెబితే తప్ప కనపడనంత చిన్నగా, మూడు చుక్కలు, ఒక ఆకు. మూడు చుక్కలు, ఒక ఆకు.  ఊరంతా తిరిగే ట్యాంకర్ల మీద ఇదే అంచు బొమ్మ చుట్టూ కొట్టొచ్చినట్టు ఉంది. దాన్ని పట్టుకుంటే నేరుగా మా గ్యారేజీకి వస్తారు.

గదికి పోయి బావను అనరాని మాటలన్నాను. మా అక్క పసుపుకుంకుమలు నీ చుక్కల కంటే తక్కువా అని అడిగాను. ఆయన తన కుడిచేతి వేళ్లు చూసుకున్నాడు.

"నేను వెట్టలేదు బామ్మర్దీ. వెడుతున్ననని ఎరుకనే లేదు. చెయ్యి దానంతటదే పోయింది."

ఆయన అబద్ధం ఆడడు. నాకు కోపం దిగిపోయి భయం మిగిలింది. పుట్టినప్పటి నుంచి తండ్రి పక్కన కూర్చుని అంచు కట్టిన చెయ్యి, బోర్డుకూ దేవుడి బొమ్మకూ తేడా చూడలేదు. అంచు లేకుండా దేన్నీ కింద పెట్టడం దానికి తెలియదు.

గ్యారేజీలో ఆనవాళ్లు చెరిపేద్దామని షువైఖ్ పోయాం. షెడ్డులో నిలిచిపోయిన ట్యాంకర్లు రెండున్నాయి. వాటి మీది ఒంటెలను, డేగను, అంచును బూడిద రంగుతో కప్పడం మొదలుపెట్టాం. తన బొమ్మల మీద తనే బ్రష్ లాగాడు బావ. ఒంటె కళ్లు మాత్రం చివరిదాకా ఉంచాడు. నేను పోయి వాటినీ కప్పేశాను. గోడ మీది రంగు మరకల్లో ఉన్న చుక్కలూ గోకేశాం. ఇక అయిపోయింది అనుకుంటుండగా జీపు వచ్చి ఆగింది.

దిగిన అధికారి సన్నగా, కళ్లద్దాలతో, చూడ్డానికి బడిపంతులులా ఉన్నాడు. నిజంగా బడిపంతులేనట. స్కూల్లో డ్రాయింగ్ చెప్పేవాణ్ణని, యుద్ధానికి పిలిచారని ఆయనే అన్నాడు. చేతిలో మా బోర్డు. వెనక ఇద్దరు తుపాకులతో. అప్పటికే పక్క షెడ్డులోని పఠాన్ చేత, ఆ వరసలో ఉన్న ఇంకొందరి చేత బోర్డులు రాయించి చూసి వస్తున్నాడు.

ట్యాంకరు మీద వేలు పెట్టాడు. తడి రంగు అంటింది.

"ఏం చెరుపుతున్నారు?"

నా నోటికి పని పడింది. "బండ్లకు కొత్త నంబర్లు వేయమని మీవాళ్లే కదా చెప్పారు సార్, పాతవి తుడుస్తున్నాం" అన్నాను. అది నిజంగానే వాళ్ల హుకుం. ఆయన తలూపి బోర్డు నా మొహం ముందు పెట్టాడు. మిను సవ్వా హాదా, ఇది ఎవరు చేశారు? తెలియదన్నాను. చెయ్యి అబద్ధం చెప్పదు అని, ఒక ఖాళీ నీలం రేకు దింపించి, ఇదే పేరు, ఇదే అంచు, ఇక్కడే వేసి చూపించండి అన్నాడు.

"మీలో అక్షరాలు ఎవరు రాస్తారు? అంచు ఎవరు వేస్తారు?"

బావ నోరు తెరిచేలోపు నేను అన్నాను: "అక్షరాలు ఆయన. అంచు నేను."

బావ నా వంక చూశాడు. ఆ చూపులో భయం కంటే ఆశ్చర్యమే ఎక్కువ. నేను ఆలోచించి అన్నానని ఇప్పుడు చెప్పుకోవచ్చు గానీ, అదేమీ లేదు. నోరు ఊరుకోలేదు, అంతే. అన్నాక అర్థమైంది. బోర్డులో ఉన్నవి రెండు చేతులు. రెండూ తారుమారు చేస్తే ఏ చెయ్యీ కలవదు.

బావ రేకు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కూర్చున్నాక నేను చూసిన సంగతి నా ప్రాణం తోడేసింది. ఆయన కూర్చున్నది పని చేసేటప్పుడు వేసుకునే చెక్క స్టూలు. ఆయనే తీరిక వేళ రంగులేసుకున్నాడు. దాని చుట్టూ, ఎర్రటి ఎరుపు మీద, మూడు చుక్కలు, ఒక ఆకు. ట్యాంకర్లు కప్పాం, గోడ గోకాం, పిర్రల కింద ఉన్నదాన్ని మరిచిపోయాం. బావకు కూడా అప్పుడే గుర్తొచ్చినట్టుంది. రంగు తుడుచుకునే గుడ్డను మెల్లగా తొడ మీద నుంచి కిందికి జార్చాడు. అది ఒక వైపును మాత్రమే కప్పింది. రెండో వైపును కాలు అడ్డం పెట్టి దాచాడు.

జీవితంలో అరబ్బీ అక్షరం రాయని మనిషి బోర్డు చూస్తూ ఆ పేరు రాశాడు. రాశాడనకూడదు, బొమ్మ వేశాడు. ఒక అక్షరం తోక నెమలి మెడలా లేచింది, ఇంకో అక్షరం పొట్ట గణపతి పొట్టలా ఉబ్బింది. తుపాకీ పట్టుకున్న ఒకడు ఫక్కున నవ్వాడు. అధికారి నవ్వలేదు. రేకు తీసి నాకిచ్చాడు.

నేను వేసుకున్న పథకం సులువు. మొరటుగా నాలుగు చుక్కలు గుద్ది చేతులు దులుపుకోవడమే. నీకు రాదు తియ్యి అని బావ ఏళ్ల తరబడి అన్నాడు కదా, ఆ రాకపోవడమే ఇవాళ మమ్మల్ని కాపాడుతుంది అనుకున్నాను. కుంచె ముంచి మూలన పెట్టాను. ఒక చుక్క పడింది. గుండ్రంగా, బియ్యపు గింజంత. దాని పక్కన రెండోది. మూడోది. మధ్య ఎడం సరిగ్గా ఆయన వదిలే ఎడమే. నా మణికట్టు తిరగడం మొదలైంది. ఆకు వస్తోంది.

నాకు ఎంత భయం వేసిందో అంత దుఃఖమూ వచ్చింది. ఎవరూ నేర్పలేదు. కుంచె ఎన్నడూ చేతికివ్వలేదు. పక్కన కూర్చుని విసుక్కుంటూ, అక్షరాలు రాసుకుంటూ చూసిందంతా నా చేతిలోకి ఎక్కి కూర్చుంది. ఏళ్లుగా నాది కాదనుకున్నది నాదేనని తెలిసింది ఆ షెడ్డులో, తుపాకీ ముందు, నన్ను చంపించడానికి బయటికి వస్తున్నప్పుడు. తిరుగుతున్న మణికట్టును బిగబట్టాను. ఆకు ఉండాల్సిన చోట కుంచెను నొక్కి పెట్టాను. రంగు ఉబ్బి, లావుపాటి నాలుగో చుక్క అయింది, కారింది. ఆ తర్వాతివన్నీ అలాగే పెట్టాను. నాలుగు, నాలుగు, నాలుగు. ప్రతి ఆకునూ నా చేతులతో నేనే చంపాను.

అధికారి తను తెచ్చిన బోర్డునూ ఈ రేకునూ పక్కపక్కన పట్టుకుని చూశాడు. అక్షరాలు చూశాడు. తర్వాత మూలకు వచ్చి, నేను మొదట పెట్టిన మూడు చుక్కల మీద వేలు ఆనించి నిలబడ్డాడు.  బావ స్టూలు మీద నుంచి లేవలేదు. చివరికి మా రేకును కింద పడేసి, పక్కవాడితో "యల్లా, పోదాం" అన్నాడు. పోతూ పోతూ బావను చూసి, ఈయనకు అక్షరాలు ఎవరు నేర్పారని అడిగాడు. నేనే అన్నాను. నిన్ను తన్నాలి అని జీపెక్కాడు.

ఆ అధికారి తెలిసే వదిలేశాడు, కళ తెలిసినవాడు కదా అని తర్వాత ఈ కథ విన్నవాళ్లు అంటుంటారు. నేను నమ్మను. అదే రోజు పఠాన్‌ను తీసుకెళ్లారు. వాళ్ల నాన్న పెషావర్ లారీల మీద చుక్కలు పెట్టేవాడట, ఈయన చేతికీ చుక్కలే వచ్చాయి. మర్నాడు మొహం వాచి వచ్చాడు. బావ ఆయన దగ్గరికి పోయి, ఆ చుక్కలు నావేనని వచ్చీరాని హిందీలో చెప్పేశాడు. నేను ఆపినా ఆగలేదు. పఠాన్ చాలాసేపు తిట్టాడు. తిట్టి తిట్టి, మీ ఒంటెకు నిజంగానే ఇఖామా లేదని నేను ముందే చెప్పలేదా అన్నాడు. ఆ పూట ముగ్గురం ఒక్క రొట్టె పంచుకుని తిన్నాం.

కఫీల్ మా పాస్‌పోర్టులు తెచ్చి చేతిలో పెట్టి, ఇక ఒక్క రోజు కూడా ఉండొద్దన్నాడు. బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దుకు చేరాం. విమానం వంతు వచ్చేదాకా ఎడారిలో గుడారాలు. నీళ్ల ట్యాంకరు వస్తే జనం ఎగబడేవాళ్లు. తెల్లటి ట్యాంకరు, దాని మీద ఏ బొమ్మా లేదు. బావ దాన్ని చూసి మొహం తిప్పుకునేవాడు. షువైఖ్‌లో ఆ రోజు నుంచి ఆయన కుంచె పట్టలేదు. అంచు పేరెత్తితే లేచి పోయేవాడు.

ఒక సాయంత్రం గుడారం నీడలో కూర్చుని వేలితో ఇసకలో గీస్తున్నాడు. ఒంటె. పెద్ద కళ్లు, చెవుల దాకా. మెడలో గంట. నేను నీళ్ల డబ్బాతో వచ్చి పక్కన చతికిలబడ్డాను. ఇది ఎవరి ఒంటె బావా, కువైట్‌దా జోర్డాన్‌దా అని వేళాకోళం చేశాను. ఆయన నవ్వలేదు.

"ఆ దినం నేను చూసిన" అన్నాడు. "మూడు సుక్కలు మంచిగ వడ్డయి. ఆకు గూడ అస్తుండె. నువ్వే ఆపినవ్."

 ఆయన ముందు నా నోరు పడిపోయింది అదొక్కసారే.

"నేనైతే ఆపకపోదును. నాకు ఆపుడు రాదు."

బొమ్మ చుట్టూ గీత గీశాడు. గీశాక, అంచు దగ్గర, చెయ్యి వెనక్కి తీసుకుని, దుమ్ము దులుపుకుని, నాకు చోటిస్తూ పక్కకు జరిగాడు.

"కట్టు."

నేను వేలితో మూడు చుక్కలు పెట్టాను. మణికట్టు తిప్పాను, ఆకు వాలింది. మళ్లీ మూడు, మళ్లీ ఆకు. ఇసకలో సరిగ్గా నిలవడం లేదు, ఒక ఆకు వంకర పోయింది. బావ చివరిదాకా చూస్తూ కూర్చున్నాడు. ఒక్క చుక్కను కూడా సరిదిద్దలేదు.